ఎర్ర గీత కింద నీళ్ళు

"చెప్పులు విప్పను. నీ ఇంట్లో కూర్చోడానికి రాలేదు నేను," అంది హోజర్ గుమ్మంలోనే నిలబడి.

అన్నదే గాని విప్పింది. విప్పి, ఎవరూ రమ్మనకుండానే లోపలికొచ్చి, తలుపుకు దూరంగా, పెద్దవాళ్ళు కూర్చునే చోట పరుపు మీద చతికిలబడింది. పన్నెండేళ్ళలో ఈ మాజీ అత్తగారు సనోబర్ ఇంటికి రావడం ఇదే మొదలు. మూడంతస్తులు ఎక్కిన ఆయాసం ముఖంలో కనిపిస్తూనే ఉంది. దాన్ని కూడా కోపం కింద చలామణీ చేసేస్తోంది.

సనోబర్ నేల మీద, తిండి వడ్డించే దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచింది. మధ్యలో పువ్వు అచ్చు గుద్దిన రొట్టెలు రెండు పెట్టింది. వచ్చింది ఎవరైనా సరే, రొట్టె పెట్టాల్సిందే. చాయ్ మాత్రం గిన్నె అంచుదాకా నింపి ఇచ్చింది.

హోజర్ గిన్నె వంక చూసింది. మా అక్‌తెరక్‌లో మర్యాద చేయదలచిన మనిషికి గిన్నెలో అడుగున కాసిని పోసి ఇస్తాం, మళ్ళీ మళ్ళీ పోయొచ్చని. నిండా పోశామంటే తాగి లేవమని అర్థం.

"నిండా పోశావే?"

"మెట్లెక్కి వచ్చారుగా, దాహం వేస్తుందేమోనని."

"దాహం ఎవరికో ఊరంతా చూస్తూనే ఉంది." హోజర్ గిన్నెను వేలితో పక్కకి నెట్టింది. "ఆ ఎర్ర పెన్సిలు ఎక్కడ పెట్టుకుంటావే? తలగడ కిందా?"

"ఆఫీసులో ఉంటుంది. సర్కారు పెన్సిలు అది."

"పెన్సిలు సర్కారుదే. చెయ్యి నీది కదా!"

నగర పటంలో వీధి అంచును చూపించే గీతను ఎర్ర గీత అంటారు. ఆ గీతకు లోపల పడ్డ గోడ ఇక గోడ కాదు, రోడ్డు. తొమ్మిది నెలల కిందట, నగర ప్రణాళికా విభాగంలో తన బల్ల మీద, సనోబర్ ఊయలల వీధికి గీసిన ఎర్ర గీత సూటిగా వెళ్ళి హోజర్ ఇంటి అతిథుల గది నడిమధ్య నుంచి బయటికొచ్చింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఎవరూ నెమ్మదిగా మాట్లాడటం లేదు.

"స్టేషనుకి బస్సులు పోవాలంటే ఆ వీధిని నాలుగు మీటర్ల నుంచి ఇరవై నాలుగుకి పెంచాలి," అంది సనోబర్, వందసార్లు చెప్పిన మాటని మళ్ళీ అప్పజెప్తూ. "ఏదో ఒక వైపు పోవాలి. ఉత్తరం వైపు పసిపిల్లల చెక్క ఊయలలు చేసే పనివాళ్ళ కొట్లు పదకొండున్నాయి. లోయ మొత్తానికి ఊయలలు అక్కణ్ణించే వెళ్తాయి. అరవై మంది బతుకుతున్నారు. దక్షిణం వైపు నాలుగిళ్ళు..."

"అందులో మొదటిది నాది."

"అవును. మొదటిది మీది."

"ఎంత ముచ్చటగా కుదిరిందో చూశావా! ఏడేళ్ళు నా గుమ్మం ఊడ్చావు. ఇప్పుడు గుమ్మాన్నే ఊడ్చేస్తానంటున్నావు."

సనోబర్ ముఖంలో ఏమీ కదల్లేదు. కాని ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఏడేళ్ళు, ఎండల్లో మంచుల్లో, పొద్దు పొడవకముందే లేచి, కాలవలోంచి నీళ్ళు ముంచి వీధిలో చల్లి, నడుం వంచి ఊడ్చింది. కొత్త కోడలు ఊడవని గుమ్మం మా దగ్గర ఉండదు, అది తప్పని ఎవరూ అనుకోరు. తప్పు అక్కడ జరగలేదు. ఉత్తరాల ద్వారా వాస్తుశిల్పం చదువుకోడానికి సనోబర్ పెట్టెలో దాచుకున్న పటాలు హోజర్ కంటబడ్డ రోజున జరిగింది. ఆ పటాలన్నీ తీసి తందూరులో వేసి తగలబెట్టింది హోజర్. మంట వృథా చేయకుండా దాని మీదే రొట్టెలు కాల్చింది. కాల్చిన రొట్టెలు ఇంటిల్లిపాదికీ పంచి, చీపురు తిరగేసి కోడల్ని వీధిలోకి తోసింది. అయిదేళ్ళ కూతురు జెబో మాత్రం లోపలే ఉండిపోయింది.

"విను," అంది హోజర్, గొంతు తగ్గించి. "రేపు పేట సమావేశం మా ఇంట్లో. పలావు కూడా మాదే. అజమత్ పాత పటం తీయించాడు. పూర్వం మన వీధిలో పారిన పిల్లకాలవ ఉత్తరం వైపు పోయేదని అందులో స్పష్టంగా ఉంది. అంటే ఆ ఊయలల వాళ్ళు కాలవ పూడ్చి కొట్లు కట్టుకున్నారన్నమాట. సర్కారు నేల. ఖాళీ చేయిస్తే మారు ఇల్లు కూడా ఇవ్వక్కర్లేదు. రేపటికి నీ గీత వీధి దాటి అటువైపు వెళ్ళిపోతుంది."

అజమత్ హోజర్ కొడుకు. సనోబర్ మాజీ మొగుడు. ఇప్పుడు నగర పాలనలో నిర్మాణాలకు ఉపాధికారి. సనోబర్ గీసిన ప్రతి పటం మీదా సంతకం పెట్టాల్సింది అతనే. దేవుడికి పరాచికాలెక్కువ.

"కాలవ దక్షిణం వైపు పోయేది," అంది సనోబర్. "మీ చిన్నబ్బాయి పెళ్ళికి పది రోజుల్లో అతిథుల గది కట్టించారు, కాలవ మీద పలకలు పరిచి. పనివాళ్ళకు చాయ్ మోసింది నేను."

"ఎవరు చెప్తారు? నువ్వా? నిన్ను నమ్మేదెవరే? గెంటేసిన కోడలు చెప్పే సాక్ష్యం!" హోజర్ హాయిగా నవ్వింది. "అందుకే నీ మేలు కోరి వచ్చాను. నీ గీత తప్పని రేపు నీ నోటితో నువ్వే చెప్పు. ఆదివారాలు జెబో వస్తోందిగా నీ దగ్గరికి, ఇకనుంచి శుక్రవారాలు కూడా పంపిస్తాను. మొండికేశావో, ఆ ఆదివారాలు కూడా ఉండవు."

 ఏడాదిగా కూతురు వస్తోంది. వచ్చి కూర్చుంటుంది, తింటుంది, కాలేజీ కబుర్లు చెబుతుంది. ఒక్కసారంటే ఒక్కసారి కూడా "అమ్మా" అనలేదు. అయినా ఆ ఆదివారం కోసమే సనోబర్ మిగతా ఆరు రోజులు లాక్కొస్తోంది.

"కూతుర్ని బేరం పెడుతున్నారా?"

"పగ పట్టినవాళ్ళతో బేరమే ఆడాలి."

"ఇది పగ కాదు. నగరానికి అవసరం."

"ఓహో!" హోజర్ వంగి, దస్తర్‌ఖాన్ మీద రొట్టెను సనోబర్ ముందుకి జరిపింది. "అయితే దీని మీద చెయ్యి వెయ్యి. నాకు పగ లేదు, ఉంటే ఈ రొట్టె నన్ను కొట్టుగాక, అని అను. ఇప్పుడే లేచి పోతాను. మళ్ళీ నీ గుమ్మం తొక్కను."

రొట్టె మీద అబద్ధం ఆడే మనిషి మా లోయలో ఇంకా పుట్టలేదు. కోర్టులో ఆడతారు, పెళ్ళి చూపుల్లో ఆడతారు. రొట్టె మీద ఆడరు.

సనోబర్ చెయ్యి ఒళ్ళోంచి లేవలేదు.

"ఆఫీసు పనికి రొట్టె ప్రమాణాలు అక్కర్లేదు. చాయ్ చల్లారిపోతోంది," అంది.

"చల్లారనీ," అని హోజర్ లేచింది. రొట్టె ముక్క తుంచలేదు. చాయ్ చుక్క ముట్టలేదు. చెప్పులు తొడుక్కుంటూ, "రేపు మొహం కడుక్కుని రా. నలుగురూ చూస్తారు," అని దిగిపోయింది.

మెట్ల చప్పుడు ఆగేదాకా సనోబర్ అక్కడే కూర్చుంది. తర్వాత వెళ్ళి బల్ల సొరుగు లాగింది.

అట్టడుగున చుట్టిపెట్టిన పటం ఒకటుంది. అది మొట్టమొదట గీసింది. వీధికి అటు వైపూ కాదు, ఇటు వైపూ కాదు. రోడ్డు ఊయలల వీధిలోకి రానే రాదు. మూతబడ్డ పత్తి మిల్లు వెనకనుంచి, పిచ్చిమొక్కలు తప్ప ఏమీ లేని నేల మీదుగా వంపు తిరిగి స్టేషను చేరుతుంది. ఒక్క గోడ కూలదు. బస్సుకి నాలుగు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే. తొమ్మిది నెలల కిందట ఆ నాలుగు నిమిషాల పేరు చెప్పుకునే సనోబర్ ఆ పటాన్ని అడుక్కి తోసేసింది. నాలుగు జిల్లాల జనానికి రోజూ రానూ పోనూ ఎనిమిది నిమిషాలు, తక్కువా అది, అని తనకి తాను సర్ది చెప్పుకుంది. హోజర్ ఇంటి గోడ కూలే చప్పుడు చెవుల్లో విని నిద్రపోయిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

పటానికి కట్టిన దారం విప్పబోయి ఆగింది. ఆమె ఎప్పుడూ ముడేస్తుంది. ఇప్పుడు అక్కడ జడకి కట్టినట్టు పువ్వులా కట్టి ఉంది. పోయిన ఆదివారం జెబో కత్తెర కావాలని సొరుగు వెతికింది. తనే మర్చిపోయి అలా కట్టి ఉంటానులే అనుకుని, సనోబర్ సొరుగు మూసేసింది.

* * *

ఊయలల వీధిలో రంగు వాసన ముందొస్తుంది, మనుషులు తర్వాత కనిపిస్తారు. ఆ మధ్యాహ్నం సనోబర్ వెళ్ళేసరికి పెద్ద పనివాడు ఉస్తా నార్మత్ కొట్టు ముందు కూర్చుని ఊయల కాళ్ళకి ఎర్రరంగు వేస్తున్నాడు. డెబ్భై దాటినా చెయ్యి వణకదు. చీపురుదెబ్బతో వీధిలో పడ్డ సనోబర్‌ని ఆ రోజు లేపి లోపలికి తీసుకెళ్ళింది ఇతని భార్య. ఆ తల్లి పోయి నాలుగేళ్ళు. ఆ ఇంట్లోనే మూడు నెలలు ఉండి సనోబర్ పరీక్ష రాసింది.

"రా తల్లీ. గడప తడిగా ఉంది, చూసి అడుగెయ్యి," అన్నాడు. "రేపు పలావుకి పిలిచారు నన్ను. నా కొట్టు కూలగొట్టడానికి నాకే విందు. ఎంత మర్యాదస్తులో!"

సనోబర్ దొంగ పటం సంగతి చెప్పింది. ముసలాయన కుంచె ఆపకుండానే విన్నాడు.

"కాలవ ఎటు పోయేదో ఈ వీధిలో అందరికీ తెలుసు. కాని మేం చెబితే, కొట్లు నిలబెట్టుకోడానికి అంటున్నారంటారు. నువ్వు చెబితే పగ అంటారు. నిజానికి దిక్కులేని రోజులు."

"తవ్వి చూపిస్తే?"

"ఎవరింట్లో ఎవరు తవ్వనిస్తారు? సంతకం పెట్టాల్సింది ఆమె కొడుకు." కుంచె డబ్బాలో ముంచాడు. "అది సరేగాని, ఆ రోడ్డు నిజంగా కావాలా తల్లీ?"

"కావాలి తాతా." ఈ ఒక్క మాట దగ్గర సనోబర్ గొంతులో తడబాటు లేదు. "దుక్కిగుల్ నుంచి స్పిన్నింగు మిల్లుకి వచ్చే ఆడపిల్లలు తెల్లవారకముందే బయల్దేరుతున్నారు. రెండు బస్సులు మారాలి. సగం మంది పెళ్ళవగానే మానేస్తున్నారు. మగాళ్ళు రష్యాకి పోతున్నారు. ఈ వీధిలోంచే పంతొమ్మిది మంది పోయారు. చుట్టూ నాలుగు జిల్లాలకి దగ్గర్లో పని దొరికే ఊరు ఇదొక్కటే. ఊరు నడిస్తే వాళ్ళందరూ నడుస్తారు. నేను ఊరికే అనడం లేదు."

"ఊరికే అనవు. నాకు తెలుసు." నార్మత్ మొదటిసారి తలెత్తి చూశాడు. "మరి ఆ దారికి రెండే వైపులున్నాయా? మా వైపు, హోజర్ వైపు? మూడోది లేదా?"

అడిగింది మామూలుగానే. ఊయల అడుగు చెక్కకి చిల్లు ఎక్కడ పెట్టాలో అడిగినట్టు అడిగాడు.

"లేదు," అంది సనోబర్.

ముసలాయన కాసేపు ఆమె ముఖం చూశాడు. మళ్ళీ ఊయల కాలు చేతిలోకి తీసుకున్నాడు. ఇంకేమీ అడగలేదు. ఆ ఊరుకోవడమే సనోబర్‌కి ఇంటిదాకా వెంటబడింది.

* * *

హోజర్ అతిథుల గది గురించి పేటలో గొప్పగా చెప్పుకుంటారు. చెక్కిన పైకప్పు, గోడలకి పింగాణీ పళ్ళేలు, నేల మీద ఒకదాని మీద ఒకటి మూడు తివాచీలు. మర్నాడు పదింటికి నలభై మంది అందులో సర్దుకుని కూర్చున్నారు. ఆడవాళ్ళు ఒక వైపు, మగాళ్ళు ఒక వైపు, పటం గోడకి. నిన్న సాయంత్రమే పేటంతా కలిసి కాలవల్లో పూడిక తీశారు. ఈ పొద్దున పైనుంచి నీళ్ళు వదిలారు. అందరి గోళ్ళలో ఇంకా బురద ఉంది.

పేట పెద్ద తుర్సున్‌బాయ్ గడ్డం దువ్వుకుని, "మొదలెట్టండి," అన్నాడు. ఆయన ఎప్పుడూ ఎవరి పక్షమూ కాదు. పలావు వండినవాళ్ళ పక్షం.

అజమత్ లేచాడు. సూటు బాగుంది. పన్నెండేళ్ళ కిందట తల్లి చీపురెత్తితే తలుపు చాటున నిలబడ్డ మనిషేనా అనిపిస్తుంది.

"కాలం మారింది. ఇదివరకు జిల్లాలు నగరాన్ని పోషించేవి. ఇప్పుడు నగరం జిల్లాల్ని నడిపించాలి. అదీ కొత్త విధానం. మన అక్‌తెరక్ ఒక ఇంజను, చుట్టూ నాలుగు జిల్లాలూ పెట్టెలు. ఇంజనుకి పట్టాలు కావాలి. ఆ పట్టాలు ఈ రోడ్డే."

"బాబూ," అన్నాడు నార్మత్, కూర్చున్న చోటినుంచే. "మరి మమ్మల్ని పెట్టెల్లో ఎక్కిస్తావా, బొగ్గుల కింద పొయ్యిలో వేస్తావా?"

గది గొల్లుమంది. హోజర్ కూడా నవ్వాపుకోలేక ముసుగు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అజమత్ ఎర్రబడి, కర్రతో పటం మీద చూపించాడు. "ఇదిగో పాత కాలవ. ఉత్తరం వైపు. దీని మీద కట్టిన కొట్లు అక్రమం. కాబట్టి ఎర్ర గీత ఇటు జరుగుతుంది. నాలుగిళ్ళూ నిలుస్తాయి. ఎవరికైనా అభ్యంతరమా?"

"నాకు," అంది సనోబర్.

అందరి తలలూ ఆమె వైపు తిరిగాయి. పక్కపక్కన కూర్చున్న ఆడవాళ్ళు మోచేతులతో పొడుచుకున్నారు. దీనికోసమే సగం మంది వచ్చారు.

"ఆ పటం గీసింది పదమూడేళ్ళ కిందట, ఈ గది కట్టిన ఏడాది. అప్పుడు కొలతలు తీసిన ఉద్యోగి ఎవరో అజమత్ గారికి బాగా తెలుసు, అద్దంలో రోజూ చూస్తుంటారు. కాలవ ఉత్తరాన లేదు. మీరంతా ఇప్పుడు కూర్చున్నది కాలవ మీద."

గదిలో గోల లేచింది. ఎవరో కిందికి చూసుకున్నారు, ఎవరో నవ్వారు. అజమత్ చేతిలో కర్ర కిందికి దిగింది.

"విన్నారా? విన్నారా?" హోజర్ లేచి నిలబడింది. "మనసులో విషం పన్నెండేళ్ళు ఊరబెట్టి తెచ్చి పోస్తోంది! నా కొడుకు సంసారం పాడుచేసింది చాల్లేదా? బిడ్డనొదిలి చదువుకి పోయింది చాల్లేదా?"

"బిడ్డనొదలలేదు. చీపురుతో కొడితే బయటపడ్డాను. బిడ్డని లోపల పెట్టి గడియ వేసింది మీరు."

"నా ఇంటి గుట్టు నా ఇంట్లోనే విప్పుతున్నావా?"

"ఇది మీ ఇల్లు కాదంటున్నాను కదా, కాలవని!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. తుర్సున్‌బాయ్ చేతులెత్తాడు. "ఆగండాగండి. పగలూ ప్రతీకారాలూ బయట చూసుకోండి. సనోబర్ అమ్మాయ్, నీ మాటకి సాక్ష్యం ఉందా? నువ్వు కాక, ఊయలల వాళ్ళు కాక?"

 సనోబర్ నిన్నంతా వెతికి వెతికి లేదని తేల్చుకున్న సాక్ష్యమది.

హోజర్ నలుగురి వంకా చూసి తల ఎగరేసింది. గెలిచిన మనిషి అక్కడితో ఆగొచ్చు. కాని హోజర్‌కి గెలుపు చాలదు, అవతలి మనిషి నేల కరవాలి. అదీ కన్నకూతురి చేత కరిపిస్తే ఇంకా బాగుంటుంది.

"సాక్ష్యం నేను చూపిస్తాను. ఈ గదిలో పెరిగిన పిల్ల ఉంది. జెబో! ఇలా రావే."

జెబో వాకిట్లోంచి చాయ్ కూజాతో వచ్చింది. పదిహేడేళ్ళు. కనుబొమలు తల్లివి, నడక నానమ్మది. కూజా కింద పెట్టి నిలబడింది.

హోజర్ దస్తర్‌ఖాన్ మీంచి రొట్టె తీసి మనవరాలి రెండు చేతుల్లో పెట్టింది. ఆ పని చేయమని ఎవరూ అడగలేదు. తన చేతి ముద్ద తిని పెరిగిన పిల్ల తన మాట దాటదన్న ధీమా అలా చేయించింది.

"రొట్టె పట్టుకుని చెప్పు తల్లీ. చిన్నప్పటినుంచి ఈ గదిలో నా పక్కన పడుకున్నావు. ఈ నేల కింద కాలవ గానీ నీళ్ళు గానీ ఉన్న జాడ ఎప్పుడైనా ఎరుగుదువా? నలుగురికీ చెప్పు, మీ అమ్మ సంతోషిస్తుంది."

జెబో రొట్టె వంక చూసింది. తర్వాత నానమ్మ వంక చూసింది. 

"కాలవ సంగతి నాకు తెలియదు నానమ్మా," అంది.

హోజర్ తల ఊపింది. "విన్నారుగా..."

"నీళ్ళ సంగతి కూడా నాకెవరూ చెప్పలేదు. నువ్వు చెప్పింది వేరే." పిల్ల గొంతు సన్నగా ఉంది, కాని గది చివరిదాకా వినిపిస్తోంది. "అమ్మ ఇల్లొదిలి వెళ్ళిన ఏడాది, ఇలాగే ఎండలు మొదలయ్యే రోజుల్లో, పడుకుంటే కిందనుంచి చప్పుడొచ్చేది. ఏంటది నానమ్మా అని అడిగాను. మీ అమ్మ ఏడుస్తోంది, దూరంగా భూమి కింద ఉంది, పిలవకు, పిలిస్తే ఇంకా ఏడుస్తుంది అన్నావు. అందుకని నేను పిలవలేదు. ఏటా ఈ రోజుల్లో ఆ చప్పుడు వచ్చేది. చెవులు మూసుకునేదాన్ని. పెద్దయ్యాక కూడా అలవాటైపోయి పిలవడం రాలేదు."

 ఆడవాళ్ళలో ఎవరో "అయ్యో" అని ఆగిపోయారు.

"రొట్టె మీద చెబుతున్నాను. ఇవాళ పొద్దున్నించి మళ్ళీ వస్తోంది. వినండి."

నలభై మంది ఊపిరి బిగబట్టారు. మూడు తివాచీల కింద, పలకల కింద, నీళ్ళు పారుతున్నాయి. మెత్తగా, ఆగకుండా, ఎవరి పటంతోనూ పని లేకుండా.

తుర్సున్‌బాయ్ నెమ్మదిగా తాను కూర్చున్న చోటినుంచి లేచి గోడవైపు జరిగాడు. నార్మత్ కళ్ళు మూసుకున్నాడు. అజమత్ కర్రని గోడకి ఆనించబోతే అది జారి కిందపడింది. తీయడానికి అతను వంగలేదు.  హోజర్ ఎనభై ఏళ్ళ మనిషిలా ఉన్నట్టుండి పరుపు మీద కూలబడింది.

సనోబర్ ఆమెనే చూసింది. సిగ్గు లేకుండా, తృప్తిగా చూసింది. తందూరులో కాలిన ప్రతి పటానికీ, వీధిలో పడ్డప్పుడు గీరుకుపోయిన మోకాళ్ళకీ, భూమి కింద పెట్టి పూడ్చిన పన్నెండేళ్ళకీ ఇదీ బదులు అనుకుంది. గొంతు దాకా సంతోషం పొంగింది. రేపే గీత ఖాయమవుతుంది. అక్రమ కట్టడం. మారు ఇల్లు కూడా రాదు. ఈ పైకప్పు, ఈ పళ్ళేలు, ఈ పెత్తనం, అన్నీ పోతాయి. కూలే రోజున తను వచ్చి ఎదురుగా నిలబడుతుంది.

"అయితే గీత దక్షిణం వైపే," అన్నాడు తుర్సున్‌బాయ్, గొంతు సవరించుకుని. "సనోబర్ అమ్మాయి చెప్పిందే నిజం. రాసుకోండి."

"ఆగండి తాతా," అంది జెబో.

పిల్ల ఇంకా రొట్టె దించలేదు. గది మధ్యలోంచి నడుచుకుంటూ వచ్చి సనోబర్ ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. రెండు చేతుల్లో రొట్టెను తల్లి ముందు పట్టుకుంది.

"నేను నిజం చెప్పాను. ఇప్పుడు నువ్వు చెప్పు. ఎవరిల్లూ కూలకుండా ఆ రోడ్డుకి ఇంకో దారి లేదా? నువ్వు ఎప్పుడూ గీయలేదా?"

సనోబర్‌కి సొరుగులో పటం కనిపించింది. దారం కనిపించింది. జడకి కట్టినట్టు పువ్వులా కట్టిన దారం.

హోజర్ తలెత్తింది. అజమత్ తలెత్తాడు. ఉస్తా నార్మత్ మాత్రం తలెత్తలేదు. బురద పట్టిన తన గోళ్ళనే చూసుకుంటున్నాడు. కింద నీళ్ళు పారుతూనే ఉన్నాయి.

"జెబో, అది... నాలుగు నిమిషాలు..."

"ముందు చెయ్యి వెయ్యి, అమ్మా," అంది పిల్ల. "తర్వాత మాట్లాడు."